సిరిమాను వీడియో, పాత ల్యాప్‌టాప్, ఖర్చు లేని ఎడిటింగ్

దసరా వెళ్ళాక వచ్చే సోమవారం మా పైడితల్లి అమ్మవారి పండగలో తొలేళ్ళు, మంగళవారం పొడవాటి మానును ఊరేగించే సిరిమాను. ఆ సాయంత్రం విజయనగరంలో పైకెత్తని ఫోన్ ఉండదు. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ముందు నడుస్తాయి. వాటి వెనక పైడితల్లి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను చివర ఆసనం మీద కూర్చున్న పూజారి మన తలల మీదుగా వెళ్ళే నిమిషాన్ని ఎవరు మాత్రం తీయకుండా ఉంటారు? మొన్నటి పండక్కి మా ఇంటివాళ్ళం నలుగురం మూడు చోట్ల నిలబడ్డాం. ఇద్దరం ఒక మేడ మీద, ఒకరు కోట వైపు, ఒకరు జనంలోనే. రాత్రి ఇంటికొచ్చి చూస్తే నాలుగు ఫోన్లలో కలిపి మూడు గంటలకు పైగా వీడియో ఉంది.

మా అప్ప కొడుకు అవన్నీ కలిపి పన్నెండు నిమిషాల వీడియో చేస్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ ఈసారి ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడకు టీవీలో చూపించాలని వాడి కోరిక. "మావయ్యా, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పకుండా ముందు వాడి ల్యాప్‌టాప్ తెప్పించాను. ఏడెనిమిదేళ్ళ పాతది. 8 జీబీ ర్యామ్, పాతరకం హార్డ్ డిస్క్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో ఉన్నది ఇలాంటి కంప్యూటరే. పిల్లల ఇంజినీరింగ్ చదువుకు కొన్నది, చదువు అయిపోయాక ఇంట్లో మిగిలింది. ఇంటి వీడియోకు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుందో తేల్చేది ఈ కంప్యూటరూ, మనం తీసిన ఫైళ్ళూ. ఆ రెండింటినీ చూడకుండా "బెస్ట్ సాఫ్ట్‌వేర్" అని వెతికి కొన్నవాళ్ళలో చాలామంది నెల తిరగకుండానే దాన్ని తెరవడం మానేశారు. నాకు తెలిసినవాళ్ళలోనే అలాంటివాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా పిన్ని కూతురు తను తీసిన క్లిప్పులన్నీ వాట్సాప్‌లో మామూలు వీడియోలుగా పంపింది. వాట్సాప్ అలా పంపిన వీడియోను బాగా కుదించేస్తుంది. సాయంత్రపు మసక వెలుతురులో తీసిన దాన్ని ఇంకా కుదిస్తే ముఖాలు అలికినట్టు అయిపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా పోయిన వివరం తిరిగి రాదు. అదే ఫైల్‌ను వాట్సాప్‌లోనే "డాక్యుమెంట్"గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, ఒక్కో ఫైల్ 2 జీబీ దాకా పంపొచ్చు. దగ్గర్లోనే ఉంటే యూఎస్‌బీ కేబుల్ అన్నిటికంటే నయం. మేము చివరికి ఆ పిల్లని ఇంటికి రమ్మని కేబుల్ పెట్టి అసలు ఫైళ్ళు తీసుకున్నాం.

కిరాణా పద్దులాంటి వీడియో

ఫోన్‌లో చక్కగా ఆడే వీడియో ఎడిటింగ్‌లో పెట్టగానే ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది? ఇది అర్థమైతే సాఫ్ట్‌వేర్ ఎంపికలో సగం గందరగోళం పోతుంది. అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నాను.

1080పీ వీడియోలో ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాయడానికి మూడు బైట్లు చొప్పున ఒక ఫ్రేముకు దాదాపు 6.2 ఎంబీ కావాలి. సెకనుకు 30 ఫ్రేములంటే సుమారు 186 ఎంబీ. గంటకు సుమారు 670 జీబీ. కానీ యూట్యూబ్ ఇలాంటి వీడియోకు సూచించే వేగం సెకనుకు 8 మెగాబిట్లు, అంటే 1 ఎంబీ. ఆ లెక్కన గంట వీడియో 3.6 జీబీలో సరిపోతుంది. 670 కాస్తా 3.6 ఎలా అయింది?

మన వీధి కిరాణా కొట్టు పద్దు పుస్తకం గుర్తు తెచ్చుకోండి. నెల మొదటి తేదీన షావుకారు పాత బాకీ మొత్తం రాస్తాడు. ఆ తర్వాత రోజూ ఆ రోజు తీసుకున్న సరుకు ఖరీదు, కట్టిన డబ్బు మాత్రం రాస్తాడు. అందుకే నెలంతా ఒక్క పేజీలో పడుతుంది. కానీ 17వ తేదీ నాటికి బాకీ ఎంతని అడిగితే ఒకటో తేదీ నుంచి వరసగా కూడుకుంటూ రావాలి. ఫోన్ కూడా వీడియోను ఇలాగే రాస్తుంది. ఎప్పుడో ఒకసారి పూర్తి బొమ్మ. దాన్ని కీ ఫ్రేమ్ అంటారు. మధ్యలో ఉన్న ఫ్రేములన్నిటికీ, ముందు బొమ్మతో పోల్చి మారినంత మేరే రాసుకుంటుంది. ఆకాశం మారలేదు, కోట గోడ మారలేదు, మాను కదిలింది, ఆ కదలిక రాసుకుంటే చాలు.

వీడియో చూసేటప్పుడు మనం ముందుకే వెళ్తాం కాబట్టి ఈ కూడిక సాఫీగా సాగిపోతుంది. ఎడిటింగ్‌లో మాత్రం ఒక చోట నుంచి ఇంకో చోటికి దూకుతాం, వెనక్కి లాగుతాం, రెండు క్లిప్పులు ఒకదాని మీద ఒకటి పెడతాం. దూకిన ప్రతిసారీ కంప్యూటర్ దగ్గర్లోని పూర్తి బొమ్మ దాకా వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెట్టేది అందుకే.

4కె అంటే 3840 పెట్టు 2160. 82,94,400 చుక్కలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. దీనికి తోడు కొత్త ఫోన్లు చాలావరకు హెచ్.265 పద్ధతిలో రాస్తాయి, దీన్నే హెచ్‌ఈవీసీ అని కూడా అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 కంటే 2013లో వచ్చిన హెచ్.265 ఇంచుమించు సగం చోటులో అదే నాణ్యత ఇస్తుంది. దానికి బదులుగా విప్పే పని ఎక్కువ. ఆ పని కోసం ప్రాసెసర్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే సులువు. ఇంటెల్‌లో అయిదో తరం, అంతకు ముందు వచ్చిన చిప్పుల్లో ఆ భాగం పూర్తిగా ఉండదు. నాలుగు ఫోన్లలో ఒకటి 4కెలో హెచ్.265 తీసింది. మా మేనల్లుడి ల్యాప్‌టాప్ మొరాయించింది సరిగ్గా ఆ క్లిప్పుల దగ్గరే.

దీనికి పరిష్కారంగా కొత్త కంప్యూటర్ కొనమని చాలామంది చెప్తారు. అంత అవసరం లేదు. ప్రాక్సీ అనే ఉపాయం ఉంది. సాఫ్ట్‌వేర్ మన ప్రతి క్లిప్పుకూ ఒక చిన్న నకలు తయారు చేసుకుంటుంది. మనం కత్తిరించడం, అతకడం, జరపడం అంతా ఆ తేలిక నకలు మీద జరుగుతుంది. చివర్లో ఫైల్ బయటికి తీసేటప్పుడు మాత్రం అసలు ఫైళ్ళనే వాడుకుంటుంది. నాణ్యత ఏమీ తగ్గదు. నకళ్ళు తయారవడానికి టైమ్ పడుతుంది, అంతే. రాత్రి పడుకునే ముందు పెట్టేసి పొద్దున్న లేచి చూసుకుంటే సరి. పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "దీనిలో ప్రాక్సీ ఉందా?" అన్నదే. ధర సంగతి ఆ తర్వాత.

ఇంతకీ ఏది పెట్టుకోవాలి?

ముందుగా, పనంతా ముందూ వెనకా కోసేయడమే అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ అని ఒక ఉచిత ఉపకరణం ఉంది. ఇది వీడియోను విప్పి మళ్ళీ కుదించదు, పుస్తకంలో కాగితాలు చింపినట్టు ఉన్న డేటానే విడదీస్తుంది. గంట వీడియోలోంచి పది నిమిషాల ముక్క తీయడానికి మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నిమిషం పట్టకపోవచ్చు. నాణ్యత ఒక్క రవ్వ కూడా తగ్గదు. ఒకే ఇబ్బంది, కోత కీ ఫ్రేమ్ దగ్గరే పడుతుంది కాబట్టి మనం అనుకున్న చోటికి ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ కావచ్చు. పిల్లల స్కూల్ డాన్సు, సత్యనారాయణ వ్రతం లాంటి వాటికి ఇది చాలు. మూడు గంటల వీడియోలోంచి పనికిరానిది తీసేయడానికి మేమూ మొదట దీన్నే వాడాం. మిగిలింది నలభై నిమిషాలు.

తర్వాత అసలు ఎడిటింగ్. పాత, మధ్యరకం కంప్యూటర్లకు నేను ధైర్యంగా చెప్పే పేర్లు రెండు: షాట్‌కట్, కెడెన్‌లైవ్. రెండూ ఓపెన్ సోర్స్, వాటి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. డబ్బు కట్టనక్కర్లేదు, వీడియో మీద వాళ్ళ గుర్తు (వాటర్‌మార్క్) పడదు, "ముప్పై రోజులు అయిపోయాయి" అని ఆగిపోవు. రెండూ విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లైనక్స్‌లోనూ నడుస్తాయి. రెండింటిలోనూ ప్రాక్సీ ఉంది. లోపల రెండూ ఎంఎల్‌టీ అనే ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి, కాబట్టి ఫలితంలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా చేతికి అలవాటు కావడంలోనే. షాట్‌కట్ తెర మీద గందరగోళం తక్కువ, మొదటిసారి చేసేవాళ్ళకు తొందరగా పట్టుబడుతుంది. కెడెన్‌లైవ్‌లో అక్షరాలతో టైటిల్ కార్డు చేసుకోవడం, చాలా క్లిప్పులను ఫోల్డర్లుగా సర్దుకోవడం బాగుంటాయి. మా వాడు రెండూ పెట్టి చూసి రెండో రోజుకి కెడెన్‌లైవ్ దగ్గర స్థిరపడ్డాడు.

డావిన్సీ రిజాల్వ్ పేరు మీరు వినే ఉంటారు. సినిమాలకు రంగులు దిద్దే పనిలో వాడే సాఫ్ట్‌వేర్ ఇది. దాన్ని తయారుచేసిన కంపెనీని బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొని, ఆ తర్వాత ఉచిత వెర్షన్ కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ ఉచిత వెర్షన్ నిజంగా గొప్పది. 4కె దాకా వాటర్‌మార్క్ లేకుండా ఎగుమతి చేస్తుంది. రంగులు, ధ్వని సరిచేయడానికి అందులో ఉన్నన్ని సదుపాయాలు డబ్బు కట్టే చాలా సాఫ్ట్‌వేర్లలో ఉండవు. డబ్బు పెట్టే స్టూడియో వెర్షన్ ధర 295 డాలర్లు, అది కూడా నెలనెలా కాకుండా ఒక్కసారే. కానీ ఇది ఆకలి ఎక్కువున్న సాఫ్ట్‌వేర్. మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉంటే తప్ప మనశ్శాంతిగా పని చేయనివ్వదు. గేమ్స్ ఆడే ల్యాప్‌టాప్ ఇంట్లో ఉన్నవాళ్ళు దీన్ని తప్పకుండా పెట్టుకోవాలి. మిగతావాళ్ళు యూట్యూబ్‌లో దాని గొప్పలు చూసి టెన్షన్ పడనక్కర్లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోవడంతో, విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లలో కొందరు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటున్నారు. అక్కడ కెడెన్‌లైవ్ హాయిగా నడుస్తుంది. ఉచిత రిజాల్వ్ మాత్రం లైనక్స్‌లో మన ఫోన్ల హెచ్.264 ఫైళ్ళను నేరుగా తీసుకోదు. ఈ సంగతి తెలియక మా తెలిసినాయన ఒకరు రెండు రోజులు కుస్తీ పట్టారు.

విండోస్ 11 ఉన్నవాళ్ళకు క్లిప్‌చాంప్ దాంతోపాటే వస్తుంది. మైక్రోసాఫ్ట్ 2021లో దీన్ని కొనుక్కుంది. ఉచితంగా 1080పీ దాకా వాటర్‌మార్క్ లేకుండా తీసుకోవచ్చు. చిన్న పుట్టినరోజు వీడియోకి సరిపోతుంది. ఒకప్పటి విండోస్ మూవీ మేకర్ ఇంకా దొరుకుతుందా అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. 2017 జనవరిలోనే దాన్ని ఆపేశారు. ఇప్పుడు ఆ పేరుతో డౌన్‌లోడ్ ఇస్తామనే సైట్ల జోలికి వెళ్ళకండి. యాపిల్ ఫోన్ గానీ, మ్యాక్ గానీ ఉంటే ఐమూవీ ఉచితం, అంతకు మించి వెతకనక్కర్లేదు.

ఫోన్‌లోనే చేసుకుంటామనే వాళ్ళూ ఉన్నారు, అదీ తప్పేమీ కాదు. యూట్యూబ్ క్రియేట్ అనే యాప్ 2023లో మొదట విడుదలైన దేశాల్లో మనదీ ఒకటి. ఉచితం, వాటర్‌మార్క్ లేదు. మూడు నాలుగు నిమిషాల వీడియోలకు బాగా పనికొస్తుంది. మన ఊళ్ళలో ఒకప్పుడు అందరి ఫోన్లలో కనిపించిన వివా వీడియో 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో ఉంది. ఇప్పుడు ఎవరైనా దాన్ని ఏపీకే ఫైల్‌గా, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించే యాప్ ఫైల్‌గా, పంపితే ఇన్‌స్టాల్ చేయొద్దు. పన్నెండు నిమిషాలు, తొంభై క్లిప్పులు అంటే మాత్రం చిన్న తెర మీద వేలితో చేయడం కళ్ళకు శిక్ష.

చివర్లో కనిపించే ఖర్చులు

ఉచితం అని చెప్పి, పని అంతా అయ్యాక "ఎక్స్‌పోర్ట్" నొక్కినప్పుడు అసలు ధర చెప్పే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఫిల్మోరా ఉచిత వెర్షన్‌లో అన్నీ చేసుకోవచ్చు, కానీ బయటికి తీసిన వీడియో మీద వాళ్ళ గుర్తు పడుతుంది. ఫోన్‌లో కైన్‌మాస్టర్ కూడా అంతే. ఇది మోసమని అనను, వాళ్ళు ముందే రాస్తారు. మనమే చదవం. రెండేళ్ళ క్రితం మా బంధువుల అమ్మాయి పెళ్ళి వీడియోను అలాగే చేసి టీవీలో వేశారు. మాంగల్యధారణ దగ్గర మూలన ఆ పేరు వెలుగుతోంది. "అదేటి బాబూ, మన పిల్ల పెళ్ళి మీద ఎవుడి పేరో ఉందేటి?" అని పెద్దావిడ అడిగింది. ఆవిడ బాధ న్యాయమైనదే. అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టగానే ముందు పది సెకన్ల ముక్క ఒకటి కోసి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. గుర్తు పడుతుందా, ఏ సైజు దాకా ఇస్తుంది, ఖాతా తెరవమంటుందా, అన్నీ అయిదు నిమిషాల్లో తేలిపోతాయి.

నెలవారీ చందా సాఫ్ట్‌వేర్ల సంగతి వేరు. అడోబీ ప్రీమియర్ ప్రో మంచి సాఫ్ట్‌వేర్, అందులో సందేహం లేదు. స్టూడియో నడుపుతూ వారానికి రెండు పెళ్ళిళ్ళు ఎడిట్ చేసేవాళ్ళకు ఆ ఖర్చు తిరిగి వస్తుంది. ఏడాదికి మూడు నాలుగు వీడియోలు చేసే ఇంటికి చందా కట్టడం అనవసరం. పైగా చందా ఆపేసిన రోజు నుంచి మన పాత ప్రాజెక్టు ఫైళ్ళు తెరుచుకోవు. వచ్చే ఏడాది ఆ వీడియోలోనే ఒక పేరు తప్పు దిద్దాలంటే మళ్ళీ డబ్బు కట్టాలి.

క్రాక్ వేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగదారిలో తెరిచిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరు చెప్పినా వద్దు. మా దగ్గరి బంధువుల కంప్యూటర్‌లో ఒక దుకాణం వాళ్ళు అలాగే వేసిచ్చి, యాంటీవైరస్ ఆపేసి ఉంచమన్నారు. రెండు నెలలకు ఫొటోల ఫోల్డర్ మొత్తం తాళం పడిపోయింది. డబ్బు పంపితే తెరుస్తామని తెర మీద సందేశం. వాళ్ళ నాన్నగారి చివరి రోజుల ఫొటోలు అందులోనే ఉన్నాయి. వేరే చోట కాపీ లేదు. మంచి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతున్న రోజుల్లో ఆ నష్టం ఎందుకు తెచ్చుకోవాలి?

ఒత్తులు విడిపోతే

తెలుగువాళ్ళం మనం తప్పకుండా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు సమీక్షలలో దీని మాటే ఉండదు. టైటిల్‌లో తెలుగు సరిగ్గా పడుతుందా?

కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను దాచుకునే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో "త్స" అనే అక్షరం ఒక్కటిగా ఉండదు. "త", దాని తర్వాత పొల్లు, ఆ తర్వాత "స" అని మూడు గుర్తులుగా ఉంటుంది. తెర మీద గీసేటప్పుడు ఆ మూడింటినీ కలిపి "త" కింద "స" ఒత్తు పెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని చేయలేని సాఫ్ట్‌వేర్‌లో "ఉత్సవం" కాస్తా "ఉత్ సవం" అయిపోతుంది, గుణింతాలు పక్కకు జరుగుతాయి. ఫ్లెక్సీల మీద, పాత పెళ్ళి డీవీడీల మీద ఇలాంటి విరిగిన తెలుగు మనందరం చూశాం. కెడెన్‌లైవ్ అక్షరాలు గీయడానికి వాడే పునాది భారతీయ లిపులను బాగానే కలుపుతుంది. ప్రీమియర్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అక్షరాల ఇంజిన్‌ను దక్షిణాసియా లిపులకు మార్చుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా కొనే ముందు "శ్రీ పైడితల్లి అమ్మవారి ఉత్సవం, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం" అని టైప్ చేసి చూడండి. శ్రీ, ల్లి, త్స, ష్ట్ర నాలుగూ నిలబడితే ఇక భయం లేదు. ఒకవేళ నిలబడకపోతే, టైటిల్‌ను వేరే చోట వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేసుకుని వీడియో మీద పరిచేస్తే పని జరుగుతుంది.

డీటీపీ షాపులో టైప్ చేయించిన తెలుగు చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుంది. అది యూనికోడ్ కాదు, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. దానికి బదులు గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో రామభద్ర లావుగా ఉంటుంది, టీవీకి దూరంగా కూర్చున్నా చదవొచ్చు. అక్కడే గిడుగు అని ఒకటి, గురజాడ అని ఒకటి ఉన్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టారు. గురజాడ అప్పారావు విజయనగరం మనిషి. మన ఊరి పండగ వీడియోకి మన పెద్దల పేరున్న అక్షరాలు పెట్టుకోవడం నాకు ఎంతో సంతోషంగా అనిపించింది. మా టైటిల్ కార్డు గురజాడలోనే ఉంది.

డప్పుల శబ్దం, పెదాల కదలిక

సిరిమాను ముందు డప్పులు మోగేటప్పుడు దగ్గర నుంచి తీసిన క్లిప్పులో శబ్దం పగిలిపోయి వినిపించింది. మైకు తట్టుకోగలిగిన హద్దు దాటితే ఆ పై భాగం అసలు నమోదే కాదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. మేము చేసిందేమిటంటే, మేడ మీద దూరంగా ఉన్న ఫోన్‌లో శుభ్రంగా వచ్చిన డప్పుల శబ్దాన్ని తీసుకుని దగ్గరి బొమ్మల కింద పరిచాం. తప్పెటగుళ్ళు లాంటివి తీసేటప్పుడు ఒక ఫోన్‌ను పది పదిహేను అడుగులు వెనక్కి పెట్టి పూర్తిగా శబ్దం కోసమే నడిపిస్తే ఇంటికొచ్చాక చాలా పని తగ్గుతుంది.

ఇంకో సమస్యకు మాత్రం మందు ఉంది. పొడుగు క్లిప్పులో మొదట మాట, పెదవి కలిసే ఉంటాయి, పోను పోను మాట వెనకబడుతుంది. దీనికి కారణం ఫోనే. వెలుతురు తగ్గినప్పుడు గానీ, ఫోన్ వేడెక్కినప్పుడు గానీ సెకనుకు ముప్పై ఫ్రేములు తీయకుండా ఒకసారి ఇరవై ఎనిమిది, ఒకసారి ఇరవై నాలుగు తీస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ ముప్పై అనుకుని పేరుస్తుంది. అక్కడ తేడా వస్తుంది. షాట్‌కట్ ఇలాంటి ఫైల్ కనిపిస్తే తనే గుర్తుపట్టి మార్చమంటావా అని అడుగుతుంది. అలా అడగని వాటికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ఉపకరణంలో "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంచుకుని ముందుగా మార్చుకుంటే చాలు.

వీడియోను యూట్యూబ్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే, మండపం మైకులో వినిపించే సినిమా పాటలను అది పట్టేస్తుందని గుర్తుంచుకోండి. వెనక సంగీతం కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. మా వీడియోలో డప్పులూ, జనం కేకలూ తప్ప వేరే సంగీతమే పెట్టలేదు, అదే బాగుంది.

బీరువాలో ఉన్న క్యాసెట్లు

ఎడిటింగ్ మొదలుపెట్టిన ఇంట్లో రెండో వారానికే పాత క్యాసెట్లు బయటికి వస్తాయి. ఈ విషయంలో ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పాలనుంది. కళింగపట్నం, భీమునిపట్నం మధ్య తీరంలో గాలిలో ఎప్పుడూ తేమే. వీహెచ్ఎస్ క్యాసెట్ రీలు అంచున తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని అలాగే ప్లేయర్‌లో పెట్టకండి, హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శుభ్రం చేసి కాపీ చేసే వాళ్ళకు ఇవ్వడం మేలు. చిన్న మినీడీవీ క్యాసెట్లయితే గంటకు సుమారు 13 జీబీ డేటా ఉంటుంది, తీయడానికి ఫైర్‌వైర్ అనే పాత పోర్టు కావాలి, అది ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో లేదు.

పెళ్ళి డీవీడీలు ఇంకా సులువు. డిస్క్‌లో వీఓబీ అనే ఫైళ్ళు ఒక్కోటి 1 జీబీ లోపు ముక్కలుగా ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్‌తో వాటిని ఎంపీ4గా మార్చుకోవచ్చు. కదిలే చోట దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే భయపడకండి. అప్పటి టీవీల కోసం ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా రాసేవారు. "డీఇంటర్‌లేస్" పెడితే గీతలు పోతాయి. ఆ బొమ్మ 720 పెట్టు 576 మాత్రమే కాబట్టి పెద్ద టీవీలో మెత్తగా కనిపిస్తుంది. దాన్ని 4కెలోకి పెంచి తీసినా కొత్త వివరం రాదు, ఫైల్ బరువు పెరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ మీద మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే, మొదట పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ, తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్, ఆ తర్వాత బయట పెట్టుకునే హార్డ్ డిస్క్ ఒకటి అంటాను. నిజానికి అసలు ఫైళ్ళు రెండు చోట్ల ఉండడం ఈ మూడింటికంటే ముఖ్యం. ఒక కాపీ మన ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువుల ఇంట్లో. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్ళకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

మా వాడు పని ముగించడానికి వారం పట్టింది. 1080పీ, హెచ్.264, సెకనుకు 8 మెగాబిట్లు పెట్టి తీస్తే పన్నెండు నిమిషాల వీడియో సుమారు 720 ఎంబీ వచ్చింది. పెన్ డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాం. చాలా పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీ మించిన ఫైల్ ఎక్కదు. పాత టీవీలు చాలావరకు హెచ్.265 చదవవు. ఈ రెండూ ముందే చూసుకున్నాం కాబట్టి మొదటిసారే ఆడింది. మా అమ్మ సిరిమాను మూడో తిరుగు దగ్గర ఆపించి, దండం పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి వేయమంది.

వచ్చే రథసప్తమికి అందరం అరసవల్లి వెళ్దామనుకుంటున్నాం. మా మేనల్లుడు ఇప్పటికే నాలుగు ఫోన్లూ తీసుకుని 1080పీ, 30 ఫ్రేములు, హెచ్.264 సెట్ చేసి పెట్టాడు. పిన్ని కూతురికి ఒక కేబుల్ కూడా కొనిచ్చాడు.